మూడా, ఐదా, ఒకటా: ఇంటి ముందు కంకరకు ఎన్ని ట్రిప్పులు?

ప్రశ్న: మాది ఖమ్మానికి దగ్గర్లో ఊరు. పోయినేడు ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చెప్పులు బురదలోనే ఉండిపోతున్నాయి. గేటు నుంచి గుమ్మం దాకా 25 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో నడిచే బాట, దాని పక్కన కారు పెట్టుకోవడానికి 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చోటు కంకరతో చేయించాలనుకుంటున్నాం. ఓ మూల మామిడి చెట్టుంది. దాని చుట్టూ తెల్ల గులకరాళ్ళు పరిపించాలని నా కోరిక. మేస్త్రీ మూడు ట్రిప్పులు పడతాయంటాడు. ట్రాక్టరతను ఐదు లేనిదే కాదంటాడు. మా మామగారేమో "ఒక్కటి చాలు, మిగతాదంతా వాళ్ళ కమీషను" అంటారు. మా ఆయన హైదరాబాదు నుంచి వారానికోసారి వస్తారు కాబట్టి పని చూసుకోవాల్సింది నేనే. ఎవరి మాట నమ్మమంటారు?

— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదవగానే నవ్వొచ్చింది. తర్వాత పెన్సిలు తీసి లెక్క వేశాను. వేశాక తేలిందేమిటంటే, ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి మనసులో ఉన్న ట్రక్కు వాళ్ళది, ఎవరి మనసులో ఉన్న మందం వాళ్ళది. ఆ రెండూ బయటికి చెప్పకుండా అంకె ఒక్కటే చెబుతున్నారు.

నేను ముప్పై ఏళ్ళు రోడ్డు పనుల్లో ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, రాసినవాణ్ణి. అందులో "ట్రిప్పు" అని రాస్తే బిల్లు కదలదు. ఎందుకంటే ట్రిప్పు కొలత కాదు. అది ట్రాక్టరు ఒకసారి వచ్చి వెళ్ళడం, అంతే. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు లోపలి కొలత 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు ఉంటే అందులో 90 ఘనపుటడుగులు పడుతుంది. మన ఊళ్ళలో సీఎఫ్టీ అంటారే, అదే. పాతకాలం చిన్న ట్రక్కు 9 అడుగులు, అయిదున్నర అడుగులు, అడుగుంబావు ఎత్తు ఉందనుకోండి, 62 మాత్రమే. రెండిటి పేరూ ట్రిప్పే. మధ్యలో 28 ఘనపుటడుగుల తేడా, అంటే ఒక టన్నుకు పైన. కాబట్టి ట్రాక్టరతనితో "ఎన్ని ట్రిప్పులు" అన్న మాట పక్కన పెట్టి "మీ ట్రక్కు లోపలి కొలత ఎంత" అని అడగండి. టేపు మీ చేతిలోనే ఉంచుకోండి. పలక బయటి నుంచి కాదు, లోపలి నుంచి లోపలికి కొలవాలి.

ఇక మీ అవసరం. పొడవును వెడల్పుతో గుణించి, మందంతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది మందం దగ్గర. పొడవు, వెడల్పు అడుగుల్లో ఉంటాయి, మందం అంగుళాల్లో అనుకుంటాం. దాన్ని 12తో భాగించాలి. పొడవులో ఒక అడుగు తప్పితే పెద్ద నష్టమేమీ లేదు. మందంలో రెండు అంగుళాలు మూడైతే మాత్రం సరుకు ఏకంగా ఒకటిన్నర రెట్లవుతుంది. మనుషులు టేపు పెట్టి కొలిచేదేమో పొడవు. మందాన్ని చేత్తో "ఇంత" అని చూపిస్తారు.

మీ నేల నల్లరేగడి అన్నారు కదా, మందం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద నేరుగా కంకర పోస్తే మొదటి వానకు కారు చక్రం కింద రాయి దిగబడుతుంది, బురద పైకి వస్తుంది. ఎండాకాలం బీటల్లోకి సన్న రాతి ముక్కలు, అదే చిప్స్, జారిపోతాయి. "పోయినేడు రెండు ట్రిప్పులు పోయించాం, ఎక్కడికి పోయిందో" అని జనం అనేది దీని గురించే. ఎక్కడికీ పోలేదు, అడుగునే ఉంది. అందుకే కారు చోటంతా ఎనిమిది అంగుళాలు తవ్వేసి, కింద జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళను దిగనిచ్చి మట్టిని పైకి రానివ్వనిది) పరిచి, ఆ పైన కట్టాలి. బాటకు మూడంగుళాలు తవ్వితే చాలు. ప్లాస్టిక్ పట్టా చవకని అది పరచకండి, నీళ్ళు కిందికి దిగక పైనే నిలుస్తాయి. గుడ్డ అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి జానెడు పడాలి కాబట్టి 300 చదరపు అడుగులు తీసుకోండి.

కారు నిలిచే చోటు 180 చదరపు అడుగులు. అక్కడ అడుగున నాలుగంగుళాలు ఎర్ర మొరం, దాని మీద నాలుగంగుళాలు 40 ఎం.ఎం. కంకర, సందులు నిండేలా క్రషర్ డస్ట్ (రాళ్ళు కొట్టే చోట వచ్చే సన్న రాతి పొడి), అన్నిటికీ పైన రెండంగుళాలు 12 ఎం.ఎం. చిప్స్. మొత్తం పదంగుళాలు. తవ్వింది ఎనిమిదే కాబట్టి మీ కారు చోటు వాకిలి కంటే రెండంగుళాలు ఎత్తులో ఉంటుంది, నీళ్ళు నిలవవు.

ఇప్పుడు లెక్క. 180ని నాలుగంగుళాలతో గుణించి 12తో భాగిస్తే 60 ఘనపుటడుగులు. కానీ 60 తెప్పిస్తే చాలదు. పెద్ద డబ్బాలో మరమరాలు పోసి నాలుగుసార్లు నేలకు తట్టి చూడండి, కొంత దిగిపోతాయి. కంకరా అంతే. గ్రానైట్ బండ ఒక ఘనపు మీటరు 2.65 టన్నులు తూగుతుంది. అదే బండను కొట్టి కంకర చేసి ఘనపు మీటరు పెట్టెలో వదులుగా పోస్తే 1.4, 1.5 టన్నులే తూగుతుంది. మిగతాదంతా గాలి. ట్రక్కులో మీరు కొనేది ఆ గాలితో కలిపి. దిమ్మిసతోనో, అద్దెకు దొరికే ప్లేట్ వైబ్రేటరుతోనో అణిచాక కొంత గాలి పోతుంది, మందం తగ్గుతుంది. మొరంలో మట్టి, రాయి కలిసి ఉంటాయి కాబట్టి బాగా అణుగుతుంది. అందుకని 30 శాతం ఎక్కువ వేసి 78, అంటే 80 అనుకోండి. 40 ఎం.ఎం.కు పావువంతు కలిపి 75. ఆ రాళ్ళ సందుల్లోకి దిగే డస్ట్ మరో 15. పైన పరిచే చిప్స్‌ను ఎవరూ దిమ్మిస కొట్టరు కాబట్టి పది శాతం చాలు: 30కి మూడు కలిపి 33.

బాట దగ్గర మీ కొలతలో ఒక మార్పు చేస్తున్నాను, ఏమీ అనుకోకండి. గుమ్మం ముందు అయిదడుగులు కంకర వద్దు. పొద్దున్నే నీళ్ళు చల్లి ముగ్గెక్కడ వేస్తారు? రాళ్ళ మీద ముగ్గు నిలవదు, చీపురూ ఆడదు. అక్కడ నాలుగు తాండూరు బండలు పరిపించండి. మిగిలిన బాట 20 అడుగులు, నాలుగడుగుల వెడల్పు, 80 చదరపు అడుగులు. మనుషులు నడిచే చోటే కదా, గుడ్డ మీద రెండంగుళాలు డస్ట్ అణిచి, పైన రెండంగుళాలు చిప్స్ వేస్తే సరిపోతుంది. ఒక్కో పొరకు 13 చిల్లర ఘనపుటడుగులు వస్తుంది. అణగడానికి కలుపుకుని డస్ట్ 17, చిప్స్ 15.

పైన 12 ఎం.ఎం. ఎందుకంటే, 20 ఎం.ఎం. మీద వట్టికాళ్ళతో నడవలేరు, మీ మామగారి వయసువాళ్ళకు మడమ తిరుగుతుంది. 6 ఎం.ఎం. బేబీ చిప్స్ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ చెప్పు కింద అతుక్కుని హాల్లోకి, వంటింట్లోకి వస్తాయి. మా ఇంట్లో రోజూ ఊడ్చినప్పుడల్లా గుప్పెడు దొరికేవి.

కలిపి చూద్దాం. మొరం 80. నలభై కంకర 75. డస్ట్ 15, 17 కలిపి 32. పన్నెండు చిప్స్ 33, 15 కలిపి 48. మొత్తం 235 ఘనపుటడుగులు.

ఇప్పుడు మీ ముగ్గురి దగ్గరకు వద్దాం. 90 పట్టే పెద్ద ట్రక్కయితే మొరం ఒక ట్రిప్పు, నలభై ఒక ట్రిప్పు. చిప్స్, డస్ట్ కలిపి 80 కాబట్టి మధ్యలో అడ్డపలక పెట్టించి ఒకే ట్రిప్పులో తెప్పించవచ్చు. మూడు. మేస్త్రీ చెప్పింది ఇదే, అతను పని తెలిసినవాడే. 62 పట్టే చిన్న ట్రక్కయితే మూడు నిండు ట్రక్కులు వచ్చాక కూడా మొరం 18, కంకర 13, చిప్స్ 18 మిగిలిపోతాయి. మొరం ముందు, మిగతావి తర్వాత రావాలి కాబట్టి వాటికోసం ఇంకో రెండుసార్లు తిరగాలి. ఐదు. ట్రాక్టరతను తన ట్రక్కు లెక్క చెప్పాడు, మోసం కాదు. మీ మామగారు కంటికి కనబడే పై పొర ఒక్కటే చూస్తున్నారు. 48 ఘనపుటడుగుల చిప్స్‌కు చిన్న ట్రక్కు ఒక్కటే ఎక్కువ. ఇంటి ముందు గట్టి నేల ఉంటే ఆయన మాటే చెల్లేది. ఎర్రనేలల్లో చాలామంది అలాగే చేసుకుంటారు, బాగానే ఉంటుంది.

టన్నుల్లో అడిగితే ఏం చెప్పాలని కూడా మీకు సందేహం రావచ్చు. క్రషర్ దగ్గర వేబ్రిడ్జి మీద తూచి ఇస్తారు, ఊళ్ళో అమ్మేవాళ్ళు యూనిట్ లెక్కన ఇస్తారు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. వదులు కంకర ఒక ఘనపుటడుగు 41 కిలోల దగ్గర ఉంటుంది. మీ నలభై కంకర 75కు మూడు టన్నుల పైచిలుకు, చిప్స్ 48కి దాదాపు రెండు టన్నులు. డస్ట్ కాస్త బరువు, 46, 47 కిలోలు వేసుకోండి, ఒకటిన్నర టన్ను. ఒకవేళ మీకు కాటా చీటీ ఇస్తే ఆ బరువును కిలోల్లో 41తో (డస్ట్ అయితే 46తో) భాగించి ట్రక్కు కొలతతో సరిచూసుకోండి. పది శాతం అటూ ఇటూ పట్టించుకోవద్దు.

డస్ట్ విషయంలో మాత్రం జాగ్రత్త. తడిసిన డస్ట్ రెండు రకాలుగా ముంచుతుంది. తూకానికి కొంటే నీళ్ళకు డబ్బు కడతారు. కొలతకు కొంటే ఉబ్బుకు కడతారు. సన్న పొడి కొద్దిగా చెమ్మగిల్లితే రేణువుల చుట్టూ నీటి పొర పట్టి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి, పరిమాణం 20, 25 శాతం దాకా పెరుగుతుంది. పూర్తిగా నానితే మళ్ళీ అణుగుతుంది. ఇసుక కొన్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. ఎండ కాసిన మూడు నాలుగు రోజుల తర్వాత డస్ట్ తెప్పించుకోండి. పెద్ద కంకరకు ఈ గొడవ లేదు.

ట్రక్కు వచ్చాక దించకముందే చూడండి. నడుమ గోపురంలా పోసి, మూలలు ఖాళీగా ఉంటే పారతో సమం చేయించి, పలకకు ఎంత కిందికి ఉందో కొలవండి. దారిలో కుదుపులకు ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది. అది వాళ్ళ తప్పు కాదు, దానికి పేచీ పెట్టకండి. నాలుగైదు అంగుళాలు తక్కువుంటే అడగండి. మీరు లేనప్పుడు దించేసి వెళ్ళిపోయారనుకోండి, కుప్పను కూడా కొలవచ్చు. కుప్ప అడుగున చుట్టూ తాడు తిప్పి ఆ పొడవును దానితోనే గుణించండి, మళ్ళీ కుప్ప ఎత్తుతో గుణించండి, 38తో భాగించండి. చుట్టుకొలత 30 అడుగులు, ఎత్తు 3 అడుగుల 8 అంగుళాలు ఉంటే 87 వస్తుంది, అంటే పెద్ద ట్రక్కు నిండుగా వచ్చినట్టే. కుప్ప గుండ్రంగా లేకపోతే ఈ లెక్క కొంచెం తప్పుతుంది, అయినా సగం ట్రక్కును నిండు ట్రక్కని నమ్మించలేరు.

అన్నీ ఒకే రోజు తెప్పించకండి. నా మొదటి ఇంటికి నేను చేసిన తప్పు వినండి. అణగడం లెక్క కట్టకుండా కొలిచినంతే తెప్పించాను. చివర్లో పావువంతు చోటు ఖాళీగా మిగిలింది. మళ్ళీ అర ట్రక్కు తెప్పిస్తే పూర్తి కిరాయి పడింది. అది పోనీ, రెండోసారి రాయి వేరే క్వారీది. మొదటిది బూడిద రంగు, ఇదేమో గులాబీ చాయ. పదేళ్ళు ఆ అతుకు వాకిట్లో కనబడుతూనే ఉంది. రోజూ కొలతల పుస్తకం రాసేవాడి ఇంటి ముందు! మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

మీరు మొదట మొరం తెప్పించండి. పొరలు పొరలుగా పరిచి నీళ్ళు చల్లి అణిపించండి, వారం వదిలేయండి. అప్పుడు గుంతకు అడ్డంగా తాడు కట్టి, ఇంకా ఎన్నంగుళాలు మిగిలిందో అయిదారు చోట్ల కొలిచి, సగటు తీసుకుని నలభై కంకరకు లెక్క కట్టండి. నేను పైన వేసిన 75 అంకె అప్పుడు 70 కావచ్చు, 85 కావచ్చు. తవ్వకం ఎప్పుడూ అనుకున్నంత చదునుగా రాదు. చిప్స్ మాత్రం మొత్తం ఒకేసారి, ఒకే క్రషర్ నుంచి తెప్పించండి, రంగు కోసం.

తవ్విన మట్టి సంగతి మీతో ఎవరూ అని ఉండరు. 180 చదరపు అడుగులు ఎనిమిదంగుళాలు తవ్వితే 120, బాట నుంచి 20, మొత్తం 140 ఘనపుటడుగుల రేగడి బయటికి వస్తుంది. తవ్వాక అది గుల్లబారి 180 దాకా అవుతుంది. పెద్ద ట్రక్కులకు రెండు! మూడు ట్రిప్పులు లోపలికి వస్తుంటే రెండు ట్రిప్పులు బయటికి పోవాలి. దాని కిరాయి ముందే మాట్లాడుకోండి. లేదంటే ప్రహరీ వెంబడి ఎత్తు మడులు కట్టించి అక్కడే పోయించండి. రేగడిలో కాస్త ఇసుక, పశువుల ఎరువు కలిపితే మందారం, నందివర్ధనం హాయిగా వస్తాయి. నేనైతే పైసా ఖర్చు పెట్టి ఆ మట్టి బయటికి పంపను.

బాటకు, కారు చోటుకు అంచు రాళ్ళు నాటించడం మరిచిపోవద్దు. అంచు లేకపోతే ఏడాదిలో చిప్స్ సగం మడుల్లో ఉంటాయి, నా పది శాతం లెక్క దేనికీ చాలదు. నేల వాలు అడుగుకు పావంగుళం, గేటు వైపుకో కాలువ వైపుకో.

మామిడి చెట్టు దగ్గర తెల్ల గులకరాళ్ళు మాత్రం నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నాను. మామిడాకు ఏడాది పొడుగునా రాలుతుంది, పిందెలు రాలతాయి, పండు పడి పగులుతుంది. ఒక్క వానాకాలం గడిస్తే నీడలో తెల్లరాయి పాచి పట్టి పచ్చగా అవుతుంది. ఆకులు ఊడిస్తే రాళ్ళు వస్తాయి, రాళ్ళు వదిలేస్తే ఆకులు ఉంటాయి. అయినా కావాలంటే మొదలుకు తగలకుండా మూడడుగుల వ్యాసం గుండ్రం వదిలి, బయట ఎనిమిదడుగుల వ్యాసం దాకా పరిపించండి. బయటి వ్యాసాన్ని దానితోనే గుణిస్తే 64, లోపలిది 9, తీసేస్తే 55, దాన్ని 0.785తో గుణిస్తే 43 చదరపు అడుగులు. రెండంగుళాల మందానికి ఏడు ఘనపుటడుగుల చిల్లర, 300 కిలోలు. గులకరాళ్ళు బస్తాల్లో అమ్ముతారు, యాభై కిలోలవైతే ఆరు. సన్న వేర్లు చాలావరకు పైపైనే ఉంటాయి, అక్కడ తవ్వకండి, ఉన్న నేల మీదే పరవండి. నన్నడిగితే ఆ ఆరు బస్తాల డబ్బుతో చెట్టు చుట్టూ కూర్చునే అరుగు కట్టించుకోవచ్చు.

పని వైశాఖంలో మొదలుపెట్టండి. జూన్‌లో వానలు పడ్డాక మీ రేగడిలోకి నిండు ట్రాక్టరు రావడం కష్టం. వచ్చినా అది చేసే గాళ్ళు పూడ్చడానికి ఇంకో ట్రిప్పు మొరం కావాలి. చివర్లో పది తట్టల చిప్స్ మిగిలితే ఎవరికీ ఇవ్వకుండా బస్తాల్లో ఎత్తి బోరు పక్కన పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి కారు చక్రాల జాడలో గుంతలు పడతాయి, అదే క్వారీ రాయి మళ్ళీ దొరకదు.